ఆదివారం ఓకే

నేను ఉద్యోగం మానేసి ఏడాది దాటింది. అయినా ఆదివారం ఉదయం ఫోన్ చేతికందే దూరంలో లేకపోతే నాకు ముద్ద దిగదు. "ఇప్పుడెవరి ఓకే కోసం చూస్తున్నావు?" అని మా ఆయన ఎగతాళి చేస్తారు. ఎవరి కోసమూ కాదు. రిటైరయ్యాక కొందరికి మోకాళ్ళ నొప్పులు మిగులుతాయి, నాకు ఇది మిగిలింది.

మొన్న ఒకమ్మాయి వచ్చింది. హైదరాబాద్ నుంచి అమెరికా వచ్చి ఇక్కడ పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్ చేసింది. నేను చేసినటువంటి ఉద్యోగంలోనే చేరబోతోందట. "ఆంటీ, కొన్ని టిప్స్ ఇవ్వండి" అంటూ ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంది. కాఫీ ఇచ్చాను, కారప్పూస పెట్టాను, టిప్స్ మాత్రం ఇవ్వలేకపోయాను. ఆ పిల్ల వెళ్ళాక ఇది రాయడం మొదలుపెట్టాను. ఇందులో పనికొచ్చేదేమిటో తనే ఏరుకోవాలి.

ముందుగా ఒక భ్రమ తీసేస్తాను. నేను ఆఫ్రికాలో పనిచేశానని మా బంధువులంతా అనుకుంటారు. నాలుగైదుసార్లు వెళ్ళి వచ్చిన మాట నిజమే. కానీ నా ఉద్యోగం అమెరికాలోనే, షామ్‌బర్గ్ అనే ఊరికి దగ్గర్లో, హైవే పక్కన, కింద దంతవైద్యుడు పైన మేము ఉన్న ఒక చిన్న భవనంలో. గుంటూరులో నర్సింగ్ చదివి, ఇక్కడ ఆసుపత్రిలో చాలాకాలం పనిచేసి, రెండువేల ఒకటిలో ఈ సంస్థలో చేరాను. మలావీ దేశపు పల్లెలకి మేము అమెరికా నుంచి వాలంటీర్లని పంపేవాళ్ళం. బడిలో పాఠాలు చెప్పేవాళ్ళు, బాలింతలకి, పసిపిల్లలకి సాయపడేవాళ్ళు, నీళ్ళ పంపులు బాగుచేసేవాళ్ళు. ఎవరెక్కడున్నారు, ఎలా ఉన్నారు అన్నది చూడటం నా పని. అంటే పని చేసేది వాళ్ళు, భయపడటం నా వంతు. జీతం అందుకే ఇచ్చారు.

ఏం తిన్నావు?

నా మొదటి బాస్ డేవిడ్. వయసులో ఉన్నప్పుడు తనూ అలాంటి పల్లెలో రెండేళ్ళు ఉండి వచ్చినవాడు. ఆ రోజుల్లో మాకు ఉత్తరాలే ఆధారం. ఉత్తరం ఇక్కడికి చేరేసరికి అందులో రాసిన జ్వరం తగ్గి, మనిషి మళ్ళీ సైకిలు తొక్కుతుండేవాడు. అందుకని డేవిడ్ కంగారుపడేవాడు కాదు. "రాజ్, మనం నక్షత్రాలని చూస్తున్నాం. కనిపించే వెలుగు పాతది" అనేవాడు. నా పూర్తి పేరు రాజ్యలక్ష్మి. ఆఫీసులో ఎవరికీ అంత ఓపిక లేదు.

నాకు మాత్రం నక్షత్రాల శాంతి అబ్బలేదు. ప్రతి ఉత్తరానికీ జవాబు రాస్తూ చివర్లో ఒక ప్రశ్న అడిగేదాన్ని, ఈ వారం ఏం తిన్నావు అని. మొదట్లో ఇందులో ఏ తెలివీ లేదు. మన ఇళ్ళల్లో మనిషి గుమ్మంలోకి రాగానే భోజనమైందా అంటాం కదా, అదే నోటికొచ్చింది. అమెరికన్ పిల్లలకి ఇది వింతగా ఉండేది. ఒకతను "నేను సన్నబడ్డానని ఎవరైనా చెప్పారా?" అని తిరిగి రాశాడు.

కానీ రానురాను ఆ జవాబుల్లో చాలా సంగతులు కనిపించాయి. "పక్కింటివాళ్ళు న్సిమా పెట్టారు, గుమ్మడాకుల్లో పల్లీపొడి వేసి వండిన కూరతో" అని రాస్తే ఆ పిల్లకి ఊళ్ళో మనుషులు దొరికారన్నమాట. న్సిమా అంటే మొక్కజొన్న పిండితో చేసే సంకటి. "కట్టెలు తడిసిపోయాయి, వండలేదు" అంటే వానలు పెరిగాయి, దోమలూ పెరుగుతాయి. "బిస్కట్లు తిన్నాను" అని ఒకసారి వస్తే ఫరవాలేదు. వరసగా వస్తే మాత్రం ఆ మనిషి తలుపేసుకుని ఒంటరిగా ఏడుస్తున్నట్టే లెక్క. ఎలా ఉన్నావు అంటే అందరూ ఫైన్ అంటారు. అమెరికాలో పుట్టిన పిల్లలు జ్వరంతో మూలుగుతూ కూడా ఫైన్ అంటారు. తిండి దగ్గర అబద్ధం చెప్పాలని ఎవరికీ తోచదు.

మార్గరెట్

డేవిడ్ వెళ్ళిపోయాక మార్గరెట్ వచ్చింది. అప్పటికి సెల్‌ఫోన్లు ఆ పల్లెల దాకా వచ్చేశాయి. కరెంటు లేని ఊళ్ళో కూడా ఫోన్ ఉండేది. మార్గరెట్ అంతకుముందు ఒక రవాణా కంపెనీలో చేసింది. లారీ ఎక్కడుందో తెలియకుండా డేవిడ్ ఇన్నాళ్ళు ఎలా నిద్రపోయాడో ఆమెకి అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే నాకూ అర్థం కాలేదు. అందుకే ఆమె రూలు పెట్టినప్పుడు ముందు చప్పట్లు కొట్టింది నేనే.

రూలు ఇది. ప్రతి వాలంటీరూ ఆదివారం వాళ్ళ సాయంత్రంలోగా "ఓకే" అని ఒక మెసేజ్ పెట్టాలి. మాకది ఆదివారం ఉదయం. ఓకే వస్తే గోడమీది తెరపై అతని పేరు పక్కన పచ్చ చుక్క. ఒక రోజు గడిచినా రాకపోతే ఎర్ర చుక్క, వెంటనే అక్కడి మా మనుషులు బండి వేసుకుని ఊరికి వెళ్ళాలి.

నేను మాత్రం ఓకే వచ్చిన ప్రతివాళ్ళకీ "మంచిది. ఏం తిన్నావు?" అని తిరిగి పెట్టేదాన్ని. మార్గరెట్ నవ్వేది. "రాజ్, మనం సంస్థ నడుపుతున్నాం, హోటల్ కాదు" అంది ఒకసారి. నేనూ నవ్వాను గానీ మానలేదు.

మొదటి ఎర్ర చుక్క కెవిన్ అనే కుర్రాడిది. ఒహాయో నుంచి వెళ్ళి బడిలో లెక్కలు చెబుతున్నాడు. ఆదివారం ఓకే రాలేదు, సోమవారమూ రాలేదు. రూలు ప్రకారం బండి బయల్దేరింది, ఎందుకైనా మంచిదని పోలీసు కానిస్టేబుల్‌ని కూడా ఎక్కించుకున్నారు. తీరా చూస్తే కెవిన్ పక్క ఊళ్ళో చావింట్లో ఉన్నాడు. అతనున్న ఇంటివాళ్ళ బంధువు పోయాడు. అక్కడ చావంటే ఊరు ఊరంతా రోజుల తరబడి ఆ ఇంటి ముందు కూర్చుంటుంది. ఇంటివాళ్ళతో పాటు అతనూ కూర్చున్నాడు. ఫోన్ ఇంట్లో వదిలేశాడు, చావింట్లో ఫోన్ పట్టుకుని కూర్చోవడం మర్యాద కాదని.

అలాంటి చోటికి పోలీసు జీపు వెళ్ళి ఆగింది. ఊరి పెద్ద మా వాళ్ళని కూర్చోబెట్టి నీళ్ళిచ్చి, ఆ తర్వాత అడిగాడట. "మా ఇంటి మనిషిని మేం చూసుకోలేమనుకున్నారా?" కెవిన్ సిగ్గుతో చచ్చిపోయాడు. అంతటితో ఆగలేదు. రూలు తప్పినందుకు అతన్ని రాజధానికి పిలిపించి వారంపాటు మళ్ళీ ట్రైనింగ్ ఇచ్చారు. బడిలో లెక్కల పాఠం ఆగిపోయింది. ఈ కథ వాలంటీర్లందరికీ చేరడానికి ఎంతోసేపు పట్టలేదు.

ఆ తర్వాత ఒక్క ఎర్ర చుక్క కూడా రాలేదు. వారం తర్వాత వారం, గోడంతా పచ్చగా పంటపొలంలా ఉండేది. మార్గరెట్‌కి సంతోషం. నేను మాత్రం ఆ పేర్లని ఒక్కొక్కటే మళ్ళీ చదివేదాన్ని. అంతమంది పాతికేళ్ళలోపు పిల్లలు, ఒక్కరు, ఒక్కసారి కూడా మర్చిపోకుండా! అలాంటి పిల్లల్ని నేను నా ఇంట్లోనూ చూడలేదు, ఊళ్ళోనూ చూడలేదు.

అంజలి

ఇలా ఉండగా అంజలి వచ్చింది. సుధ, మురళిల కూతురు. వాళ్ళది వరంగల్. మురళికి ఇక్కడే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సుధ, నేను పదేళ్ళుగా ఒకరింటికొకరం గిన్నెలు పంపుకునేవాళ్ళం. అంజలి కాలేజీ అయిపోగానే మెడిసిన్‌కి వెళ్ళేలోగా మా సంస్థ తరఫున రెండేళ్ళు మలావీ పల్లె బడిలో పాఠాలు చెబుతానంది. వాళ్ళింట్లో పిడుగు పడ్డట్టయింది.

"మా బాపు లాంతరు ముంగట కూసోబెట్టి చదివిస్తే నేను ఈడిదాక వచ్చిన" అన్నాడు మురళి. "ఇప్పుడు నా బిడ్డ మళ్ల లాంతరు దగ్గరికే పోతనంటది. నవ్వాల్నా ఏడ్వాల్నా అక్కా?"

అంజలి నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళింది. "ఆంటీ, మమ్మీ మీరు చెప్తే వింటుంది. ప్లీజ్? నేను గోయింగ్. అది ఫిక్స్. బట్ మమ్మీ క్రయింగ్ ఉంటే నేను ఎలా వెళ్తా?"

నేను సుధ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. "పంపించు. అక్కడ ఎవరెలా ఉన్నారో చూసేది నేనే కదా" అన్నాను. సుధ నా చెయ్యి పట్టుకుని, "నీ మీద భారమేస్తున్ననక్కా" అంది. సరే అన్నాను. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకి ఒక మాట చెబుతాను. తెలిసినవాళ్ళ పిల్లల్ని మీ చేతిమీదుగా పంపకండి. ఎవరి పిల్లలైనా పిల్లలే అని మీరు ఎంత చెప్పుకున్నా గుండె ఆ మాట వినదు.

అంజలి వెళ్ళిన దగ్గర్నుంచీ ఆదివారం ఉదయం ఓకే రావడం, వెంటనే సుధ ఫోన్ చేయడం మాకు అలవాటైపోయింది. కుటుంబాలకి ఇలా చెప్పాలని రూలేమీ లేదు. ఏదైనా జరిగితేనే, అదీ సంగతి తేలాకే చెప్పాలన్నది ఆఫీసు పద్ధతి. నేను చెప్పేదాన్ని.

"అక్కా, ఓకే వచ్చిందా?"

"వచ్చింది."

"హమ్మయ్య. ఇగ నేను గుడికి పోయొస్త."

నా రెండో ప్రశ్నకి అంజలి జవాబు సోమవారానికి వచ్చేది. వాళ్ళ ఊళ్ళో బడి వెనక ఒక గుట్ట ఉంది, అది ఎక్కితేనే సిగ్నల్. "వంకాయ లాంటిది ఏదో. మమ్మీకి చెప్పకండి, బాగుంది." "అగోగో చిన్న ఎండుచేపలు పెట్టింది. నేను వెజిటేరియన్ అని మర్చిపోయింది. నేను కూడా మర్చిపోయాను." అగోగో అంటే అవ్వ. అంజలి ఉంటున్న ఇంటి ముసలావిడ.

జవాబు రాని సోమవారం

వానాకాలం మధ్యలో ఒక ఆదివారం ఓకే వచ్చింది. ఏం తిన్నావని అడిగాను. సోమవారం జవాబు లేదు. మంగళవారమూ లేదు. గుట్ట ఎక్కలేనంత వాన పడుతోందేమో అనుకున్నాను. బుధవారానికి నాకు నేను చెప్పుకునే కారణాలు అయిపోయాయి.

మార్గరెట్ గదిలోకి వెళ్ళాను. నేను చెప్పిందంతా ఆమె ఓపిగ్గా వింది.

"ఓకే వచ్చింది కదా రాజ్?"

"వచ్చింది. తిండి సంగతి రాలేదు."

"ఓకే అన్న మనిషి దగ్గరికి బండి పంపిస్తే ఇక ఆ ఓకేకి విలువేముంది? కెవిన్ విషయంలో ఆ ఊరి పెద్ద మనల్ని ఇంకా క్షమించలేదు. వంటల గురించి చెప్పలేదని ఇంకో ఊరిమీద పడదామా?"

ఆమె మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. దొరకలేదన్నదే నన్ను తినేసింది. ఇంటికొచ్చి పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. మా ఆయన మాట్లాడకుండా తిన్నారు, అంటే నా మొహం ఎలా ఉందో ఊహించుకోండి. సుధకి చెబుదామా అనుకున్నాను. ఏమని చెప్పను? నీ కూతురు ఓకే అంది, కానీ ఏం తిన్నదో చెప్పలేదు అనా? తాడుని చూసి పామనుకుంటున్నానేమో అని నన్ను నేను తిట్టుకున్నాను. మళ్ళీ కాసేపటికి, పామేనేమో అనిపించేది. ఆ వారమంతా ఇలాగే గడిచింది.

తర్వాతి ఆదివారం ఓకే మామూలుగానే వచ్చింది. ఈసారి నేను మెసేజ్ పెట్టలేదు. ఫోన్ ఇంకా సిగ్నల్ ఉన్నచోటే ఉంటుంది కదా అని వెంటనే ఆ నంబరుకి కాల్ చేశాను. మా పద్ధతిలో వాలంటీర్లకి కాల్ చేయడం లేదు. ఖర్చు ఎక్కువ, పైగా ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది.

ఒక మగగొంతు పలికింది. వెనకాల కత్తెర చప్పుడు, రేడియో పాట. మంచి ఇంగ్లీషులో, మర్యాదగా మాట్లాడాడు.

"హలో మేడమ్. అంజలి ఓకే."

"మీరెవరు?"

"మిస్టర్ ఫిరి, మేడమ్. సంతలో మంగలి షాపు నాది. ఫోన్లు కూడా చార్జ్ చేస్తాను, సోలార్ ఉంది."

"అంజలి ఎక్కడుంది?"

"ఊళ్ళో, మేడమ్. ఫోన్ సైకిల్ మీద వస్తుంది. చార్జ్ అవగానే ఓకే అని పంపమంది. ప్రతి ఆదివారం పంపుతున్నాను. ఒక్కసారి కూడా తప్పలేదు."

ఆ గొంతులో ఎంత గర్వమో! పాపం, చెప్పిన పని చెప్పినట్టు చేసిన మనిషి.

"మీరు అంజలిని చూసి ఎన్నాళ్ళయింది?"

కత్తెర ఆగింది. "కిందటి నెల జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చింది మేడమ్." కాస్త ఆగి, "సైకిలతను ఏదో అన్నాడు. టీచరమ్మ పడుకునే ఉంటోందని" అన్నాడు.

ఆయనకి థాంక్స్ కూడా చెప్పకుండా పెట్టేశాను. మార్గరెట్‌కి ఇంటికి ఫోన్ చేశాను. ఆమెని నేను ఎన్నిసార్లు విసుక్కున్నానో, అందుకని ఇది కూడా చెప్పాలి. విషయం సగం వినగానే "బండి పంపిస్తున్నాను" అని పెట్టేసింది. కెవిన్ పేరెత్తలేదు, ఖర్చు మాటెత్తలేదు.

ఫోన్ కింద పెట్టానో లేదో, మళ్ళీ మోగింది. సుధ.

"అక్కా, ఓకే వచ్చిందా?"

ఆఫీసు పద్ధతి నాకు తెలుసు. సంగతి తేలేదాకా కుటుంబానికి చెప్పకూడదు. దానికి కారణాలున్నాయి, వాటిని పెట్టినవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కాదు. కానీ ఆ ఒక్క మాట ఇంకోసారి నా నోటినుంచి రాలేదు.

"సుధా, కూర్చో" అన్నాను. "ఓకే వచ్చింది. పంపింది అంజలి కాదు, ఫోన్ చార్జ్ చేసే అతను. అంజలికి ఒంట్లో బాగాలేనట్టుంది. ఎంత, ఏమిటి అన్నది నాకు తెలీదు. బండి బయల్దేరింది."

సుధ చాలా మెల్లగా అంది.

"పోయిన వారం గూడ ఓకే అన్నవ్ గదక్కా."

"అన్నాను."

"నువ్వు ఓకే అన్నవని నేను గుడికి పోయిన. కొబ్బరికాయ కొట్టిన. ఇంటికొచ్చి కడుపునిండ తిని పండుకున్న. నా బిడ్డ ఆడ జరంతోని పడున్నదేమో, నేనీడ పండుకున్న."

ఆమె ఫోన్ పెట్టేసింది.

బండి, బండి

అక్కడి మా సమన్వయకర్త గ్రేస్. ఆమే జీపు నడుపుకుంటూ బయల్దేరింది. దారిలో వాగు పొంగి ఉంది, చీకటి పడింది, తెల్లారేదాకా ఇవతలి గట్టున ఆగిపోవాల్సి వచ్చింది. ఆ ఆదివారం మాకు అమెరికాలో ఎంత పొడుగ్గా గడిచిందో చెప్పలేను. మార్గరెట్ నా ఇంటికే వచ్చి కూర్చుంది. పెట్టిన టీ చల్లారిపోయింది. మురళి ఫోన్ చేసి అక్కడి ఆసుపత్రుల పేర్లు అడిగాడు, నాకు తెలిసినవి చెప్పాను. సుధ మళ్ళీ ఫోన్ చేయలేదు. చేయకపోవడం చేయడం కంటే భయంగా ఉంది.

గ్రేస్ వాగు దాటి ఊరివైపు వెళుతుంటే ఎదురుగా ఒక ఎడ్లబండి వస్తోందట. అందులో చాప, దుప్పటి, దుప్పట్లో అంజలి. తల ఒళ్ళో పెట్టుకుని అగోగో. మలేరియా ముదిరి, మాట తడబడుతోంది. ముసలావిడ అప్పటికే రెండుసార్లు ఆసుపత్రికి పోదామందట. అంజలి వద్దని ఏడ్చిందట. ఆ తెల్లారి ఇక ఆవిడ అడగలేదు, ఊళ్ళో ఎడ్లు కట్టించి ఎత్తుకుని పడుకోబెట్టుకుంది. మేము వెళ్ళకపోయినా అంజలి మిషన్ ఆసుపత్రికి చేరేది. జీపు కలిసినందువల్ల మధ్యాహ్నానికల్లా చేరింది. ఆ తేడా ఎంత అని డాక్టరు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఊళ్ళోవాళ్ళు చూసుకోలేదని మాత్రం నా ముందు ఎవరూ అనకండి.

రెండు రోజులు ఇటో అటో అన్నట్టుగా ఉంది. తర్వాత జ్వరం దిగింది. మాట్లాడగలిగాక అంజలి ఫోన్‌లో నాతో అన్న మొదటి మాట "సారీ ఆంటీ."

"ఆసుపత్రికి ఎందుకు వద్దన్నావే?"

"వెళ్తే మీకు తెలుస్తుంది. తెలిస్తే నన్ను ఇంటికి పంపేస్తారు. కెవిన్‌ని చూశాం కదా." కాసేపు దగ్గి, "ఓకే కోసం అందరూ సెటప్ చేసుకున్నారు ఆంటీ. నేను ఒక్కదాన్నే కాదు. ఎవ్రీబడీ" అంది.

వారానికొకటి వేసుకోవాల్సిన మలేరియా మాత్ర కూడా మానేసిందట, పీడకలలు వస్తున్నాయని. అదీ చెప్పలేదు. చెబితే పచ్చ చుక్క పోతుందని భయం.

ఈ మాటలు నేను మార్గరెట్‌కి చెప్పినప్పుడు ఆమె గోడమీది పచ్చ చుక్కల వైపు తిరిగి చాలాసేపు చూసింది. ఎక్కడ ఎవరు, ఒక మంగలి, ఒక కిరాణా కొట్టు, ఒక చర్చి గుమస్తా, అందరూ ఎంత బాధ్యతగా ఓకేలు పంపారో! "ఇన్నాళ్ళూ మనం చార్జింగ్ షాపుల బాగోగులు చూసుకున్నాం" అంది. ఆ తెరని ఆ సాయంత్రమే తీయించేసింది.

కొత్త పద్ధతి మేమిద్దరం కూర్చుని రాశాం. జ్వరం వచ్చినందుకు ఎవరినీ ఇంటికి పంపం. మెసేజ్ రాకపోతే ముందు వాలంటీరు ఉన్న ఇంటివాళ్ళకి కబురు పెడతాం, పోలీసు జీపు కాదు. ఓకే అన్న మాట ఇక వద్దు, ఏదైనా ఒక వాక్యం తమదైనది రాయాలి. ఏం రాయాలో మార్గరెట్ నన్నడిగింది. నాకు తెలిసిన ప్రశ్న ఒక్కటే కదా.

అమ్మాయ్, నువ్వడిగిన టిప్స్‌కి దగ్గరగా నా దగ్గర ఉన్నది ఇదే. మన భయాన్ని ఎదుటివాళ్ళ మీద రూలుగా పెడితే, వాళ్ళు మన భయాన్ని తీర్చే పని చూసుకుంటారు, తమ సంగతి దాచేస్తారు. ఇంకొకటి, ఇంట్లోవాళ్ళు అడిగినప్పుడు నీకు తెలిసిందే చెప్పు. తెలియనిది తెలియదని చెప్పు. "బాగానే ఉంటుందిలెండి" అన్న మాట ఎవరికీ ఇవ్వకు. అది ధైర్యం చెప్పడం కాదు, వాళ్ళ జాగ్రత్తని వాళ్ళ చేతుల్లోంచి లాక్కోవడం.

ఇంకో ఆదివారం

అంజలి ఇంటికి వచ్చి కొన్ని వారాలు ఉంది. చెంపలు పీక్కుపోయి, కళ్ళు మాత్రం అలాగే. మురళి పాస్‌పోర్ట్ దాచేశాడని, తనే మళ్ళీ తీసి ఇచ్చాడని తర్వాత విన్నాను. అంజలి తిరిగి వెళ్ళింది. అగోగో తన కోసం గుమ్మడి పాదు పెట్టిందట, అది కాయకముందే చేరాలట. అంతకంటే పెద్ద కారణం ఎవరికీ చెప్పలేదు.

సుధ నాతో మాట్లాడటం మానేసింది. పోట్లాడి ఉంటే బాగుండేది. గుడి హాల్లో ప్రసాదం వడ్డిస్తూ నా విస్తట్లో పులిహోర వేసింది, అందరికంటే ఎక్కువే వేసింది, మొహంలోకి మాత్రం చూడలేదు. గిన్నెలు రావడం పోవడం ఆగిపోయింది. ఆమె తప్పేమీ లేదు. పదేళ్ళ స్నేహంలో ఆమె నన్ను నమ్మి అడిగింది ఒక్కటే. నేను ఇచ్చింది ఒక మంగలి షాపులో తయారైన మాట.

అంజలి వెళ్ళాక వచ్చిన మొదటి ఆదివారం, ఉప్మా చేసుకుని ఆఫీసు సెల్ టేబుల్ మీద పెట్టుకుని కూర్చున్నాను. వేరే వాలంటీర్ల మెసేజ్‌లు ఒక్కొక్కటే వచ్చాయి. చిలగడదుంపలు, బొబ్బర్లు, ఎవరో ఒకరికి పెళ్ళిలో మేకమాంసం. అంజలిది రాలేదు. ఉప్మా గట్టిపడింది. వాన పడుతోందేమో. గుట్ట జారుతుందేమో. ఎక్కలేకపోయిందేమో.

ఇంటి ఫోన్ మోగింది.

"అక్కా, నేను సుధను."

ఎన్ని వారాలైంది ఆ గొంతు విని! వెనక ఆమె వంటింట్లో పోపు చిటపటలాడుతోంది.

"చెప్పు సుధా."

ఓకే వచ్చిందా అని అడుగుతుందనుకున్నాను. అడగలేదు.

"ఏం తిన్నదట?"

సెల్ వైపు చూశాను. ఖాళీగా ఉంది.

"ఇంకా రాలేదు సుధా. నాకు తెలీదు."

పోపు చప్పుడు ఆగింది. స్టవ్ ఆపేసినట్టుంది. కుర్చీ లాగుకున్న చప్పుడు వినిపించింది.

"సరే. లైన్ల ఉంటనక్కా."

"ఉండు" అన్నాను.